బతికున్న మనిషికి బంతిపూలు

పోయిన వారం ఒతీలియాని మనం రోడ్డు మీద నిలబెట్టి వచ్చేశాం. సాంతా రీటా క్లినిక్‌కి ఎదురుగా, బట్టలుతికే మిషన్ల దుకాణం గోడకి ఆనుకుని, శాలువా నెత్తిమీదికి లాక్కుని, మొగుడి నీలం ట్రక్కు క్లినిక్ ఆవరణలోకి తిరగడం చూస్తూ ఉండిపోయింది. ఆ బండి జుట్టు కత్తిరించే రోసౌరా ఇంటి ముందు ఆగుతుందని ఆమె అనుకుంది. అలా అనుకునేలా చేసింది చేలా. చేలా అంటే ఒతీలియా చిన్న కొడుక్కి జ్ఞానతల్లి, ఆ వరసనే ఇద్దరూ ఒకరినొకరు కొమాద్రే అని పిలుచుకుంటారు. ఇద్దరూ ఒకే ఆపిల్ షెడ్డులో, ఒకే బెల్టు దగ్గర నిలబడి కాయలు ఏరతారు.

"గురువారం గురువారం గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సెంటు కొట్టుకుని వెళ్తున్నాడంటే అది చర్చికి మాత్రం కాదు కొమాద్రే," అంది చేలా. "మా ఆయన అలా తయారవడం మొదలెట్టినప్పుడే నేను కళ్ళు తెరవాల్సింది. తెరిచేసరికి ఇంట్లో టీవీ కూడా లేదు."

నికనోర్ ఆపిల్ తోటల్లో కొమ్మలు కత్తిరించే మనిషి. లోయలో అతని చెయ్యి పడని తోట తక్కువ. వేసవి మొదలైనప్పటినుంచి అతను మాట తగ్గించాడు, తిండి తగ్గించాడు. ఆదివారాలు సాయంత్రందాకా మంచం దిగడం మానేశాడు. గురువారాలు మాత్రం దిగుతున్నాడు. ఒతీలియాని తినేసింది అదే. పంటినొప్పి అని మేస్త్రీకి చెప్పి షెడ్డులోంచి బయటపడి, చేలా తమ్ముడి కారులో అతని వెనకే వచ్చింది.

ఇప్పుడేమో బండి క్లినిక్ దగ్గర ఆగింది. క్లినిక్‌కి సెంటు కొట్టుకుని వెళ్ళే మగాడెవడు? రోసౌరా కాకపోతే నర్సు అయి ఉంటుంది, అనుకుంది ఒతీలియా. అనుకుని రోడ్డు దాటింది.

లోపల ఎప్పుడూ ఉండే గోలే ఉంది. ముక్కులు కారుతున్న పిల్లలు, ఒళ్ళో సంచులు పెట్టుకు కూర్చున్న ఆడవాళ్ళు, గొంతు నొక్కేసిన టీవీ. నికనోర్ కనపడలేదు. కౌంటరు వెనక అమ్మాయి ఫోనులో ఎవరితోనో మందు చీటీ గురించి వాదిస్తోంది. ఎవరూ చూడకుండా ఒక్కో తలుపూ దాటుకుంటూ పోదామని ఒతీలియా గోడవారగా నడిచింది. నాలుగడుగులు వేసేసరికి బంతిపూల వాసన తగిలింది.

పోయినవాళ్ళ పండుగ ఆ వారాంతంలోనే. హాలు మూలన బల్ల మీద బల్ల పెట్టి, ఊదా గుడ్డ పరిచి, బంతిపూలు గుట్టగా పోశారు. రొట్టెలు, నారింజలు, ఎవరికో ఇష్టమైన సిగరెట్ పెట్టె, ఎవరిదో పసిబిడ్డ మేజోడు. మధ్యలో ఫోటోలు. టోపీ పెట్టుకున్న ముసలాయన, గుర్రం మీద కుర్రాడు, పెళ్ళి బట్టల్లో ఎవరో జంట. పై వరసలో, అన్నిటికన్నా ఎక్కువ పూలు పెట్టిన చోట, నీలం రెబోసో శాలువా కప్పుకుని, ఎండకి కళ్ళు చికిలించి నవ్వుతున్న పిల్ల.

ఆ పిల్లని ఒతీలియా గుర్తుపట్టడానికి ఒక్క క్షణం పట్టింది. 

అది తనే. సరిహద్దుకి అవతల, సొంతూరి వైపు ఉరుఆపాన్ జాతరలో, పెళ్ళికి ముందు ఏడాది. ఆ ఫోటో ఇల్లు మారినప్పుడెప్పుడో పోయిందనుకుంది.

మొట్టమొదట ఆమెకి తట్టింది చేతబడి. ఆ రోసౌరాయే! ఫోటో సంపాదించి, చచ్చినవాళ్ళ మధ్య పెట్టి, తనని మంచాన పడెయ్యడానికి పూజలు చేయిస్తోంది. చెయ్యి దానంతట అదే శిలువ గుర్తు వేసుకుంది. ఫోటో లాగేసుకుందామని ముందుకి వంగింది.

"కాస్త జరుగు బిడ్డా, ఈ దీపం మళ్ళీ ఆరిపోయింది."

పక్కన చేతికర్రతో ఒక పొట్టి ముసలామె నిలబడి ఉంది. మెడలో మూడు మాలలు, కాళ్ళకి మగవాళ్ళ బూట్లు. చిన్న దీపాన్ని బోర్లించి దాని అడుగున గోటితో కెలుకుతోంది.

"బ్యాటరీ దీపాలు! నిప్పు పెట్టనివ్వరు వీళ్ళు. అంత దూరం నుంచి వచ్చిన ఆత్మలు ఈ ప్లాస్టిక్ చూసి ఏమనుకుంటాయో. మా ఆయనైతే వెనక్కి తిరిగి వెళ్ళిపోతాడు, ఆయనకి అసలే కోపం." దీపం వెలిగింది. "నేను కాందిదాని, పెద్దదాన్నని అందరూ దోన్యా అంటారు. నువ్వెవరి కోసం వచ్చావు?"

"పన్ను..." అంది ఒతీలియా.

"పళ్ళ డాక్టరు వెనక గుమ్మంలో. ఇక్కడ చూడరు." ముసలామె ఆమె మొహంలోకి చూసింది. "పన్ను కాదులే నీది. ఎవరు పోయారు?"

ఒతీలియా వేలు చాపి తన ఫోటోనే చూపించింది. "ఈవిడ... ఈవిడెవరు?"

"ఆమెనా? నికనోర్ గారి భార్య. మా గురువారం గుంపులో ఉంటాడులే ఆయన. ఒతీలియా అని పేరు. పోయి తొమ్మిదేళ్ళయిందట. ఆయన మాట్లాడుతుంటే నిన్న మధ్యాహ్నం పోయినట్టుంటుంది."

  దోన్యా కాందిదా ఒతీలియా మౌనాన్ని వినే చెవి కింద లెక్కేసుకుని, బల్ల పక్క కుర్చీలో కూలబడి, పక్క కుర్చీని చేత్తో తట్టింది. ఒతీలియా కూర్చుంది.

"గుంపేమిటి?" అని అడిగింది చివరికి.

"మనసు బాగోలేనివాళ్ళం. మా ఊళ్ళో అయితే నరాల జబ్బు అనేవాళ్ళు, టీ కాచి ఇచ్చేవాళ్ళు. ఇక్కడ నేను షుగరు చూపించుకోవడానికి వస్తే డాక్టరమ్మ, నిద్ర పడుతోందా, ఏడుపొస్తోందా అని అడిగి, ఆ చివరి గదికి పంపింది. పిచ్చాళ్ళ గది అనుకుని మొదటిసారి పారిపోయాను. రెండోసారి కాఫీ ఇస్తున్నారని తెలిసి ఉండిపోయాను." ముసలామె నవ్వింది. "యదీరా అని పిల్ల ఒకతి ఉంది, చిన్నదే, కానీ వినడం తెలుసు. మందులు డాక్టరమ్మ ఇస్తుంది. మాటలు మేం ఒకళ్ళకొకళ్ళం ఇచ్చుకుంటాం. ఇవాళ మోకాలు నొప్పిగా ఉండి మధ్యలో లేచొచ్చేశాను."

"ఆయన... ఏం మాట్లాడతాడు?"

"అక్కడ మాటలు బయట చెప్పకూడదు." దోన్యా కాందిదా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "భార్య గురించే. పొయ్యి దగ్గర నిలబడి పాడేదట. రాగం లేదు, తాళం లేదు, పక్కింటి కుక్క లేచి మొరిగేదట. 'వీధి మొదట్లోకి వచ్చేసరికి ఆ గొంతు వినపడేది, ఇంక ఇల్లు వచ్చేసినట్టే ఉండేది' అంటాడు. పెళ్ళికి ముందు ఆయన్ని చూడ్డానికి తండ్రికి తెలియకుండా బస్సెక్కిందట, తీరా చూస్తే అది వేరే ఊరి బస్సు. అక్కడ దిగి, ముక్కూమొహం తెలియని వాళ్ళింట్లో అన్నం తిని, వాళ్ళ కోడిపిల్లని కూడా చంకన పెట్టుకుని తిరిగొచ్చిందట! మేమందరం పడీపడీ నవ్వాం. తర్వాత మేమందరం ఏడ్చాం. నా మొగుడు ఉన్నన్నాళ్ళూ నన్ను అంతలా చూసిన పాపాన పోలేదు. అదృష్టవంతురాలు, చచ్చిపోయింది గానీ."

కోడిపిల్ల మాట ఒతీలియాయే మరిచిపోయింది. ఆ మనిషి నోట ఇంట్లో వినపడేవి మూడే: ఉప్పు తక్కువైంది, గ్యాసు అయిపోయింది, చలి పెరిగింది. పిల్లలిద్దరూ ఎవరి కాపురాలకి వాళ్ళు వెళ్ళిపోయాక ఆ మూడింటిలో కూడా ఒకటో రెండో తగ్గాయి.

"ఎలా పోయిందట?" అంది. 

"అక్టోబరులో. ఎవరి దగ్గర్నుంచో ఫోనొచ్చిందట. మాట్లాడి, పెట్టేసి, కుర్చీలో కూర్చుంది. అంతే, మళ్ళీ లేవలేదు అంటాడు. గుండె అయి ఉంటుంది."

ఆ ఫోను ఒతీలియాకి తెలుసు. అక్టోబరులో, ఊరినుంచి, అక్క చేసిన ఫోను. అమ్మ పోయిందని.

దోన్యా కాందిదా ఇంకా దగ్గరికి జరిగింది. "నాకు భయంగా ఉంది బిడ్డా, అందుకే నీకైనా చెప్తున్నాను. పోయిన వారం ఆయన, 'ఇంక నేను కూడా దాని దగ్గరికి వెళ్ళిపోతాను, ఇక్కడ నాకు పని లేదు' అన్నాడు. మామూలుగా, బస్సుకి వెళ్తున్నానన్నట్టు అన్నాడు. యదీరా ఆయన్ని ఒక్కడినీ చాలాసేపు కూర్చోబెట్టుకుంది. ఇంట్లో ఎవరున్నారు, ఎవరితో మాట్లాడను అని అడిగిందట. ఎవరూ లేరు, ఒక్కణ్ణే ఉంటున్నానన్నాడట. ఎవరూ లేకపోతే ఆ పిల్ల మాత్రం ఎవరికని చెప్తుంది? మా నంబర్లన్నీ ఆయన జేబులో పెట్టి పంపించాం."

చివరి గది తలుపు తెరుచుకుంది. ఆరేడుగురు బయటికొచ్చారు. ఎవరో పెద్దాయన టోపీతో ముక్కు తుడుచుకుంటున్నాడు. వెనకాల నికనోర్. ఒకావిడ అతని భుజం తట్టి ఏదో అంటే అతను నవ్వాడు. పళ్ళు కనపడేలా నవ్వాడు. ఆ నవ్వు చూసినప్పుడు ఒతీలియాకి కలుక్కుమంది. వేరే ఆడదాని పక్కన చూసినా ఇంత నొప్పి పుట్టేది కాదేమో. ఈ మనిషి తనకి తెలియని ఇంట్లో బతుకుతున్నాడు, ఆ ఇంట్లో బాగానే ఉన్నాడు, ఆ ఇంటికి గుమ్మం దొరకాలంటే తను చచ్చిపోవాలి.

నికనోర్ తలెత్తాడు. ఫోటో కింద కూర్చున్న భార్యని చూశాడు. నడిచేవాడల్లా ఆగిపోయాడు.

"ఇదిగో నికనోర్," అంది దోన్యా కాందిదా, "ఈ అమ్మాయి మీ ఆవిడ ఫోటో చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది."

హాలులో పిల్లలెవరో ఏడుస్తున్నారు. ఆ ఏడుపు తప్ప ఇంకేం వినపడలేదు ఒతీలియాకి. లేచి నిలబడింది. ఒక్క మాట అంటే చాలు. అందరి ముందూ అతని మొహం మాడిపోయేలా అనడానికి మాటలు గొంతుదాకా వచ్చి ఉన్నాయి.

"చాలా అందంగా ఉండేదండీ మీ ఆవిడ," అంది.

మొగుడిని మీరు అనడం ఆమె జన్మలో అదే మొదటిసారి.

"ఉండేది," అన్నాడు నికనోర్, నేలకేసి చూస్తూ.

ఒతీలియా అతన్ని దాటుకుని బయటికి వెళ్ళిపోయింది.

అతను వెనకే వచ్చాడు, ఆవరణలో ఆపి ఉన్న ట్రక్కులోకి ఇద్దరూ ఎక్కి కూర్చున్నారు. లోయమీద మబ్బు మూతలా దిగి ఉంది. ఈ కాలంలో అంతే, ఒకసారి దిగితే వారాల తరబడి ఎండ మొహం చూపించదు. సన్నగా తుంపర పడుతోంది, అద్దాలకి ఆవిరి పట్టింది.

"చేలా చెప్పిందా?" అన్నాడు నికనోర్.

"చేలా వేరే ఆడది ఉందంది. ఉన్నా బాగుండేది! వెళ్ళి జుట్టు పట్టుకుని రోడ్డు మీదికి ఈడ్చేదాన్ని. ఇప్పుడెవరి జుట్టు పట్టుకోను? నాదే పట్టుకోనా?" ఆమె అతని వైపు తిరిగింది. "నన్నెందుకు చంపావు నికనోర్? మీ అన్నని చంపొచ్చుగా, ఆ తాగుబోతుని! ఎవరూ అనుమానపడేవాళ్ళు కూడా కాదు."

నికనోర్ స్టీరింగు మీద చేతులు పెట్టుకున్నాడు. కత్తెర పట్టీ పట్టీ కాయలు కాసిన చేతులు.

"ఛాతీలో బరువుగా ఉందని వచ్చాను మొదట. గుండె అనుకున్నాను. తీగలు పెట్టి చూశారు, ఏం లేదన్నారు. డాక్టరమ్మ ఆ పిల్ల దగ్గరికి పంపింది. ఆ పిల్ల, ఏం జరిగింది అని అడిగింది." ఆగాడు. "ఏం జరిగిందని చెప్పను? ఏమీ జరగలేదు. పని ఉంది. పిల్లలు బాగున్నారు. ఇల్లుంది. ఏమీ జరక్కుండా మగాడు ఏడుస్తాడా? పొద్దున్నే బూట్లు వేసుకోవడానికి కూర్చుంటే లేవబుద్ధి కావట్లేదని ఎవరికైనా చెప్పుకునే మాటేనా? మా నాన్న వింటే బూటుతోనే కొట్టేవాడు. నోట్లోంచి వచ్చేసింది, మా ఆవిడ పోయిందని. ఆ పిల్ల అయ్యో అంది. గ్లాసుతో నీళ్ళిచ్చింది. నాతో ఎవరైనా అయ్యో అని ఎన్నాళ్ళయిందో తెలుసా?"

"నాతో?" అంది ఒతీలియా. "నాతో ఎవరన్నారు?"

 అతను అద్దం మీద ఆవిరిని చూస్తూ అన్నాడు. "అబద్ధమని నేను అనుకోలేదు ఓతీ."

ఓతీ. ఆ పిలుపు కూడా చచ్చిపోయినవాళ్ళలోంచే లేచొచ్చినట్టుంది.

"మీ అమ్మ పోయిన రోజు నువ్వు ఫోను పెట్టేసి, వెళ్తాను అన్నావు. నేను వద్దన్నాను. కాగితాలు లేవు, వెళ్తే తిరిగి రాలేవు, పిల్లలున్నారు అన్నాను. సరే అన్నావు. ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. మర్నాడు షెడ్డుకి వెళ్ళావు. వాళ్ళు అక్కడ మీ అమ్మని మోసుకెళ్తుంటే నువ్వు భోజనాల గదిలో ఫోను చెవికి పెట్టుకుని వాళ్ళ పాటలు విన్నావని చేలా చెప్పింది. నాకు నువ్వు చెప్పలేదు. ఆ రోజునుంచి నువ్వు పాడలేదు. నా వైపు తిరిగి పడుకోలేదు. ఇంట్లో ఒకావిడ వంట చేస్తుంది, బట్టలుతుకుతుంది. పలకరిస్తే ఊఁ అంటుంది. ఆవిడెవరో నాకు తెలీదు. నీకోసం ఎదురుచూశాను. రాలేదు. చివరికి, ఇంక రాదు అనుకున్నాను. మనిషి పోవడమంటే అదే కదా."

ఒతీలియాకి కొట్టాలనిపించింది. కొట్టలేకపోయింది. ఎందుకంటే అతను చెప్పిన ఆవిడ ఆమెకి కూడా తెలుసు. అద్దంలో ఎన్నోసార్లు చూసింది.

"నువ్వే వద్దన్నావు," అంది.

ఇన్నేళ్ళుగా బెల్టు దగ్గర నిలబడి, పొయ్యి దగ్గర నిలబడి, గోడవైపు తిరిగి పడుకుని లోపల్లోపల అన్న మాట అది. బయటికి అంటే కొంప కూలుతుందనుకుంది. తీరా అంటే చిన్నగా, పసిపిల్ల ఫిర్యాదులా వచ్చింది.

"అన్నాను," అన్నాడు నికనోర్. "నేనే అన్నాను. నిన్ను చంపింది నేనే. అది మాత్రం అక్కడ కూడా చెప్పలేదు."

అతను ఏడుస్తున్నాడు. శబ్దం లేకుండా, భుజాలు కూడా కదలకుండా. ఒతీలియా అతని చెయ్యి పట్టుకుందామని చెయ్యి ఎత్తింది. ఎలా పట్టుకోవాలో తెలియలేదు. చొక్కా అంచు పట్టుకుంది. సెంటు వాసన వేసింది, దానికింద ఎప్పటిదో ఆకుపసరు వాసన. ఆ క్షణంలో ఇద్దరూ ఏదో ఒక మాట దొరికించుకుని ఇంటికి వెళ్ళిపోయి ఉండేవారే. కానీ ఒతీలియాకి ముసలామె చివర చెప్పిన మాట గుర్తొచ్చింది.

"పోయిన వారం దాని దగ్గరికి వెళ్ళిపోతానన్నావట."

అతను కదల్లేదు.

"నికనోర్. నేను వంటింట్లో ఉన్నాను. నా దగ్గరికి రావాలంటే వంటింట్లోకి రావాలి. నువ్వు ఎక్కడికి వెళ్దామనుకున్నావు?"

 'ఊరికే అన్నాను' అంటాడని ఎదురుచూసింది. 'పిచ్చి మాటలు' అంటాడని ఎదురుచూసింది. అతను స్టీరింగు వైపే చూస్తూ ఉన్నాడు. అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక లేని మనిషిలా ఉన్నాడు. అప్పుడు పట్టుకుంది ఆమెని అసలైన భయం.

"ఆ పిల్లకి చెప్తాను," అంది తలుపు మీద చెయ్యి వేస్తూ. "నువ్వు ఒక్కడివే ఉండట్లేదని చెప్తాను."

"వద్దు." అతను ఆమె ముంజేయి పట్టుకున్నాడు. "ఓతీ, వద్దు. నేను రాకపోతే వాళ్ళు నా కుర్చీ ఖాళీగా ఉంచుతారు. ఎవరినీ కూర్చోనివ్వరు. నాకున్నది ఆ గది ఒక్కటే. చెప్తే నేను వాళ్ళ మొహం ఎలా చూడను? వాళ్ళంతా నిజంగా చచ్చిపోయిన వాళ్ళ వాళ్ళని తెచ్చుకున్నారు. నేను... నువ్వు ఇంటికి పద. వండుకుందాం. నేను మానేస్తాను, ఇంకెప్పుడూ రాను, సరేనా?"

ఆ ఆఖరి మాటలు వినకపోతే ఒతీలియా మెత్తబడేదేమో. ఇంట్లో ఆ వంటింటిని, ఆ టేబులుని, ఎదురెదురుగా రెండు పళ్ళేలని తలుచుకుంది. అక్కడ అతనికి అయ్యో అనేవాళ్ళెవరున్నారు? తనకి ఆ మాట ఇంకా నోటికి రావట్లేదే!

"అయిదు నిమిషాలు," అంది. "ఇక్కడే ఉండు."

"ఉంటాను," అన్నాడు.

కౌంటరు అమ్మాయి ఫోను పెట్టేసి తలెత్తింది. "పేరు?"

"యదీరాతో మాట్లాడాలి."

"మీరు ఇక్కడ పేషెంటా? మీ పేరు చెప్పండి."

హాలు మూలన గురువారం గుంపు ఇంకా కదల్లేదు. కాగితం గ్లాసుల్లో కాఫీ తాగుతూ పూలు సర్దుతున్నారు. దోన్యా కాందిదా తన మొగుడి ఫోటో ముందు సీసామూత వెల్లకిలా పెట్టి అందులో ఏదో పోస్తోంది. వాళ్ళకి వినపడుతుంది. వినపడనివ్వకుండా చెప్పే దారి లేదు.

"ఒతీలియా బర్రగాన్," అంది. "నికనోర్ బర్రగాన్ భార్యని."

గ్లాసు ఎవరి చేతిలోంచో జారింది. కౌంటరు పక్క తలుపులోంచి వస్తున్న యదీరా అక్కడే ఆగిపోయింది. పాతికేళ్ళు దాటని పిల్ల, మెడలో తాడుకి ఫోటో కార్డు, జుట్టు నడినెత్తిన ముడి. బల్ల మీది ఫోటోని చూసింది, ఒతీలియాని చూసింది. ఆ మొహంలో ఏవేవో మారాయి గానీ గొంతు మారలేదు.

"ఆయన గురించి నేను మీకేమీ చెప్పకూడదమ్మా," అంది దగ్గరికొచ్చి. "కానీ మీరు చెప్పేది వింటాను. అంతా వింటాను. ముందు కూర్చోండి. మీరెలా ఉన్నారు?"

ఎంత మామూలు ప్రశ్న! రోజూ షెడ్డులో ఎంతమంది అడుగుతారు, ఎంతమందికి బాగున్నానంటుంది.  ఈసారి తల అడ్డంగా ఊపింది.

"ఆయన ఒక్కడే ఉండట్లేదు," అంది ఎలాగో. "నేనున్నాను. పోయిన వారం ఆయనన్న మాట... ఇప్పుడు అడిగాను. ఊరికే అన్నానని కూడా అనలేదు."

యదీరా మొహం బిగిసింది. "ఇప్పుడు ఎక్కడున్నారు?"

"బయటే. బండిలో. ఉంటానన్నాడు."

ఇద్దరూ ఒకేసారి కిటికీ వైపు తిరిగారు. నీలం ట్రక్కు ఉండాల్సిన చోట తడిసిన నేల మధ్య పొడి ముక్క ఒకటి మిగిలి ఉంది. దాని చివర చక్రాల జాడ రోడ్డు దాకా వెళ్ళి మిగతా జాడల్లో కలిసిపోయింది.

యదీరా పరుగెత్తలేదు. కౌంటరు అమ్మాయితో డాక్టరమ్మని పిలవమంది, ఎవరెవరికి ఫోను చెయ్యాలో గబగబా చెప్పింది, తను నికనోర్ నంబరు నొక్కింది. మోగింది. మోగుతూనే ఉంది. ఆమె ఫోను దించకుండానే ఒతీలియా వైపు తిరిగింది. "ఇలాంటప్పుడు ఆయన ఎక్కడికి వెళ్తారు? ఒక్కరే కూర్చునే చోటు ఏదైనా? మీకు తెలిసే ఉంటుంది, ఆలోచించండి."

ఒతీలియా ఆలోచించింది. ఆదివారం సాయంత్రాలు అతను ఒక్కోసారి బండి వేసుకుని వెళ్ళేవాడు. ఎక్కడికని తను అడగలేదు. వచ్చాక, ఎక్కడినుంచని కూడా అడగలేదు. ఇరవై ఎనిమిదేళ్ళ పెళ్ళాం. తనకి తెలియదు.

"నాకు తెలీదు," అంది. ఆ హాలులో అంతమంది మధ్య అంత ఒంటరిగా ఆమె ఎన్నడూ నిలబడలేదు.

వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి ఆమె చెంప తాకింది. ఎముకలు తేలిన, వెచ్చటి చెయ్యి. మాంసమో కాదో చూసుకుంటున్నట్టు చెంపని, చెవిని, గడ్డాన్ని తడిమింది. దోన్యా కాందిదా కళ్ళు పెద్దవయ్యాయి.

"నువ్వే," అంది ముసలామె. "దేవుడా, నువ్వే. నీకే చెప్పాను నీ చావు."

"క్షమించండి దోన్యా..."

"క్షమాపణలు తర్వాత. నాకు తెలుసు ఆయన ఎక్కడికి వెళ్ళాడో. మరీ భరించలేనప్పుడు వెళ్ళి నీ సమాధి దగ్గర కూర్చుంటానని చెప్పేవాడు. ఆదివారాలు పూలు కూడా తీసుకెళ్తాడట."

"నా సమాధా?"

"రాయి కూడా ఉందట బిడ్డా, దాన్ని తుడుస్తాడట. మాకు ఎన్నోసార్లు చెప్పాడు. నా మనవడి కారు బయట ఉంది, పద."

ఈ లోయలో ఒతీలియావాళ్ళకి పోయినవాళ్ళెవరూ లేరు. వాళ్ళ చావులన్నీ సరిహద్దుకి అవతలే. మరి ఎవరి రాయిని తుడుస్తున్నాడు నికనోర్? ఎవరి సమాధి మీద కూర్చుని తనతో మాట్లాడుతున్నాడు? ఒతీలియా ముసలామె రెండు భుజాలూ పట్టుకుంది.

"చెప్పండి దోన్యా, త్వరగా చెప్పండి. నన్ను ఎక్కడ పూడ్చిపెట్టానన్నాడు?"